మూసింది జెబమలర్

టీ గ్లాసుకు సెన్సరు ఆనించగానే బల్ల మీది చిన్న సైరన్ కుయ్యిమంది. జెబమలర్ దాన్ని నొక్కి ఆపి, కాగితం మీద పదకొండో గీత గీసింది. పదకొండుసార్లు వేడి తగిలించింది, పదకొండుసార్లూ మోగింది. మోగకూడదని ఆమె కోరిక. ఒక్కసారి మోగకుండా ఉంటే చాలు, తన మాట నిజమని చూపించవచ్చు.

"ఇంకా ఎంతసేపు వాయిస్తావు?" అన్నాడు ఆనంద్‌కుమార్ తమిళంలో, కుర్చీలోంచి లేవకుండానే. "అది పనిచేస్తుందని మూడు వారాల కిందటే చెప్పాను."

మిగిలిన నలుగురూ తలలు ఎత్తలేదు. కోయంబత్తూరు గణపతిలో, మోటార్లకు తీగ చుట్టే దుకాణం పైమేడ మీద ఉంది ఆ ఆఫీసు. నూలు మిల్లులకు ఒక ప్రోగ్రాం చేసి ఇస్తారు. యంత్రాల దగ్గర పెట్టిన సెన్సర్లు వేడి చదువుతాయి. వేడి యాభై డిగ్రీలు దాటితే ప్రోగ్రాం సైరన్ మోగించి యంత్రాన్ని ఆపేయాలి. దాన్ని రాసేది ఆనంద్‌కుమార్. రాసినదాన్ని పరీక్షించేది జెబమలర్.

శనివారం మధ్యాహ్నం వాడిపట్టి దగ్గరి ఒక మిల్లులో, దూది ఏకే యంత్రం కింద పేరుకున్న పొట్టు రాజుకుంది. సైరన్ మోగలేదు. యంత్రం ఆగలేదు. ఆరాయి అనే కార్మికురాలు తడిగోనెతో కొట్టి మంట ఆర్పింది. ఆర్పేలోగా ఆమె కుడిచెయ్యి మోచేతి దాకా కాలిపోయింది.

మూడు వారాల కిందట, ప్రోగ్రాంలో కొత్త మార్పులు వచ్చిన రోజున, జెబమలర్ సరిగ్గా ఇదే చూసింది. ఆఫీసు మూలన ఉన్న పాత కంప్యూటర్లో నడిపితే సైరన్ మోగలేదు. వెంటనే ఫిర్యాదు నమోదు చేసింది. ఆఫీసులో దాన్ని టికెట్ అంటారు. ఆనంద్‌కుమార్ తన కంప్యూటర్లో నడిపి చూపించాడు. "నా దగ్గర మోగుతోంది కదా. ఆ డబ్బాలో సెన్సరు చెడిపోయి ఉంటుంది. టికెట్ మూసెయ్" అన్నాడు. ఇంకోసారి చూస్తానంటే, "డిప్లొమా చదివిన నిన్ను వచ్చే నెల డెవలప్‌మెంట్‌లోకి తీసుకోమని చెప్పాల్సింది నేనే. గుర్తుందా?" అన్నాడు. ఆమె మూసింది. మర్నాడే ఆ కంప్యూటరు పాతసామాన్లవాడి ఆటోలో వెళ్ళిపోయింది.

పన్నెండో గీత గీయబోతుండగా యజమాని పొన్నుస్వామి తన గదిలోంచి వచ్చి ఒక కాగితం ఆమె ముందు పెట్టాడు. టికెట్ చరిత్ర అది. చివరి వరుసలో ఇంగ్లీషులో ఉంది, మూసింది జెబమలర్ అని.

"రేపు ఆనంద్‌తో వాడిపట్టికి వెళ్ళు. ఏం జరిగిందో చూసి రిపోర్టు రాయి. సంతకం నువ్వే పెట్టాలి. పరీక్షించింది నువ్వే కదా."

"సార్, అప్పుడు మోగలేదని నేను..."

"రికార్డులో ఉన్నదే నాకు తెలుసు, అమ్మా."

ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు. అరిచిన మనిషికి ఏదైనా జవాబు చెప్పవచ్చు.

సాయంత్రం దాకా ఆ ప్రోగ్రాంను వరుస వరుసా చదివింది. అందులో మూడు పనులు పక్కపక్కనే నడుస్తాయి. ఒకటి వేడి చదివి సైరన్ మోగిస్తుంది, ఒకటి తెర మీద రంగు చూపిస్తుంది, ఇంకొకటి అంకెలను భద్రపరుస్తుంది. వీటిని థ్రెడ్లంటారు. రెండు థ్రెడ్లు ఒకే అంకె మీద ఒకేసారి చెయ్యి వేయకుండా మధ్యలో లాక్ ఒకటి ఉంటుంది. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళదే వంతు. మూడు వారాల కిందట ఆనంద్‌కుమార్ కొత్తగా చేర్చింది ఒక్క తనిఖీ. వేడి చదివే థ్రెడ్ పని మొదలుపెట్టే ముందు, తన చేతికి వచ్చింది లాక్ రకానిదేనా అని అడుగుతుంది. అడగడంలో తప్పేముంది? అది జాగ్రత్తే. జెబమలర్ ఆ వరుసను ఆరుసార్లు చదివింది, ఆరుసార్లూ దాటిపోయింది. కళ్ళు మండాయి. ఆమెకు ఏడుపు రాలేదు, ఎవరి మీదనో తెలియని కోపం వచ్చింది. బస్సులో పోదనూరు దాకా నిలబడే వెళ్ళింది.

*

"వాడిపట్టి అంటే మధురై పక్కన కదా. పోయి వచ్చేదానికి పొద్దు మునుగుతాది" అంది తల్లి తాయమ్మాళ్ మర్నాడు పొద్దున, ఇడ్లీల డబ్బా మూత నొక్కుతూ. ఆమె ఆసుపత్రిలో ఆయా. డ్యూటీ చీర అప్పటికే కట్టుకుని ఉంది.

"రేపు కూడా ఉండాల్సి వస్తాదేమో, మా. మిల్లోళ్ళ గెస్ట్‌హౌస్ ఉండాదంట."

"తప్పు నీదా?"

చెప్పులు తొడుక్కుంటున్న జెబమలర్ ఆగింది. ఇంట్లో మాట్లాడేటప్పుడు అమ్మ ఏ మాటనూ చుట్టి అడగదు.

"తెలియలేదు, మా."

"తెలుసుకోనే రా, సరేనా" అంది తాయమ్మాళ్.

ఇంట్లో తెలుగు, వాకిలి దాటితే తమిళమే. రైల్వే కాలనీ వీధి చివర పెట్టికొట్టు దగ్గర మొదలై, బడి, పాలిటెక్నిక్, ఆఫీసు అన్నీ తమిళం, కాస్త ఇంగ్లీషు. ఆఫీసులో రెండేళ్ళలో ఆమె నోట తెలుగు ఒక్క ముక్క రాలేదు. అడిగిన వాళ్ళూ లేరు.

కారులో నాలుగు గంటలసేపు ఆనంద్‌కుమార్ ముందు సీట్లో ఫోన్ మాట్లాడుతూనే ఉన్నాడు. వెనక సీట్లో జెబమలర్ ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఆ వరుసలే మళ్ళీ చదివింది. దిండుగల్లులో టీకి ఆగినప్పుడు, "రిపోర్టులో ఎక్కువ రాయకు. నాలుగు వరుసలు చాలు. ఏం రాయాలో నేను చెప్తాను" అన్నాడు.

మిల్లు యజమాని గోవిందరాజన్‌కు అరవై దాటాయి. తెల్లచొక్కా, నుదుటి మీద సన్నని నామం. వాళ్ళను దూది ఏకే విభాగం పక్కన ఉన్న గదిలోకి తీసుకెళ్ళాడు. గదికి ఒకవైపు గాజుపలక. దాని అవతల ఆగిపోయిన యంత్రం, దాని కింద గచ్చు నల్లగా కమిలి ఉంది. ఇవతల బల్ల మీద కంప్యూటరు. దాని తెర మీద యంత్రానికొకటి చొప్పున ఎనిమిది గుండ్రాలు, ఎనిమిదీ పచ్చగా ఉన్నాయి.

"శనివారం కూడా ఇట్లాగే ఉందా?" అని తమిళంలో అడిగింది జెబమలర్.

"ఆ ఆడమనిషి పచ్చగానే ఉందంటుంది. చూడకుండా నిద్రపోయి ఉంటుంది" అన్నాడాయన.

జెబమలర్ గాజుతలుపు తీసుకుని వెళ్ళి, ఫ్లాస్కులోని వేడినీళ్ళు గ్లాసులో పోసి మూడో యంత్రం సెన్సరుకు ఆనించింది. నూరు దాకా లెక్కపెట్టింది. సైరన్ మోగలేదు. తెర మీద మూడో గుండ్రం పచ్చగానే ఉంది. ముందు సంతోషం కలిగింది. తిరిగి చూసేసరికి ఆ నల్లబడ్డ గచ్చు కనబడింది. తాను ఏం చూసి సంతోషపడిందో తెలిసి ఒళ్ళు ముడుచుకుంది.

లోపలికి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది. వెనకాల కాఫీలు వచ్చాయి. ఆమె ప్రోగ్రాంను ఆపుతూ ఉంటే, వెనక నుంచి గోవిందరాజన్ గొంతు వినబడింది. తమిళం కాదు, తెలుగు.

"ఈ పిల్లను యాల తెచ్చినావు, తంబీ?"

"కేసు ఆమె పేరుతోనే ముగించేదానికి, మామా." అది ఆనంద్‌కుమార్ గొంతు. ఆఫీసులో ఎన్నడూ వినని తీరుగా, ఇంట్లో కూర్చుని మాట్లాడినట్టు మెత్తగా ఉంది. "రికార్డులో టికెట్ మూసింది ఆమె. సరిగ్గా పరీక్ష చేయలేదని రాసి సంతకం పెట్టిస్తే మా ప్రోగ్రాం మీద మచ్చ లేదు. మీ మనిషి నిద్రపోయిందని మీ దగ్గర కాగితం ఉండాది. ఇన్‌స్పెక్టర్ వచ్చినా మీకి అడ్డం లేదు."

"మెల్లగా చెప్పు. వినబడతాది."

"వినబడితే ఏమి, మామా. తమిళ పిల్ల. జెబమలర్ అని పేరు."

ఆమె వేళ్ళు మీటల మీద ఆగిపోయాయి. లేచి నిలబడాలని మోకాళ్ళు కదిలాయి కూడా. లేచి ఏం చెప్పాలి? నాకు అర్థమైందని చెప్తే వాళ్ళు మాట మార్చుకుంటారు, తెర మీది పచ్చ గుండ్రాలు మాత్రం మారవు. తెలుసుకోకుండా లేవకూడదనుకుంది.

మామూలుగా ఈ ప్రోగ్రాం కంప్యూటర్ వెలగగానే తనంతట తానే వెనక నడుస్తుంది. అది ఏమైనా గొణిగినా చూసేవాళ్ళు ఉండరు. జెబమలర్ దాన్ని చేత్తో, కళ్ళెదుట నడిపించింది. తెర మీది నల్లని కిటికీలో అక్షరాలు జరజరా పైకి పోయి ఆగాయి. వేడి చదివే థ్రెడ్ మొదటి అడుగులోనే చచ్చిపోయింది. చావుకు కారణంగా ఆ కంప్యూటర్ రాసిన మాట ఇది. ఇది ఈ రకానిదేనా అని అడిగావు, కానీ నువ్వు రకమని చూపించింది రకమే కాదు.

ఆరుసార్లు చదివి దాటిపోయిన వరుస అదే.

లాక్ అంటే ఏమిటని ఆమె ఆ కంప్యూటర్‌నే అడిగింది. ఫంక్షన్ అని జవాబిచ్చింది. అంటే లాకులను తయారుచేసి ఇచ్చే పని పేరు, అంతేగాని రకం పేరు కాదు. ఒక లాక్‌ను తయారుచేయించి, దీని రకం ఏమిటని అడిగింది. అప్పుడు వేరే పేరు చెప్పింది. ప్రోగ్రాం రాసిన భాష పైథాన్. దాని వెర్షన్ ఎంతని అడిగింది. మూడు పాయింట్ ఎనిమిది. ఆఫీసులో అందరి దగ్గరా ఉన్నది మూడు పాయింట్ పదమూడు. పాతసామాన్లకు పోయిన ఆ డబ్బాలోనూ ఇలాంటి పాతదే ఉండి ఉంటుంది. తన ల్యాప్‌టాప్ తెరిచి అవే ప్రశ్నలు అడిగింది. అక్కడ లాక్ అన్నదే రకం పేరు. కొత్తదానిలో సరిగ్గా కుదిరే ప్రశ్న, పాతదానిలో అడిగిన థ్రెడ్‌నే చంపేస్తోంది. చచ్చింది ఒక్క థ్రెడ్డే. తెరకు రంగు వేసే థ్రెడ్ బతికే ఉంది కనుక, కొత్త వేడి అంకె ఏదీ రాక, మొదట వేసిన పచ్చరంగే మూడు వారాలుగా వేస్తూ కూర్చుంది.

జెబమలర్ కుర్చీ తిప్పింది.

"సార్, తప్పు దొరికింది. ఇట్ల వచ్చి చూడండి" అంది తెలుగులో.

ఆనంద్‌కుమార్ చేతిలో కాఫీగ్లాసు పెదవుల దగ్గరే నిలిచిపోయింది. గోవిందరాజన్ మాత్రం గ్లాసు కింద పెట్టి, ఆమెను మొదటిసారిగా నిండుగా చూశాడు.

"నీకి తెలుగు వస్తాదా, పాపా?"

"ఇంట్లో అదే, అయ్యా."

"ఏ ఊరు?"

"పోదనూరు."

"పోదనూర్లో యా పక్క? మీరు ఎవరోళ్ళు?"

ఆ ప్రశ్న ఎక్కడికి పోతుందో ఆమెకు తెలుసు. చిన్నప్పటి నుంచీ తెలుసు.

"ఈ కంప్యూటర్లో ఉండేది పాత వెర్షన్, అయ్యా. ముందు అది చూడండి" అంది.

ఆనంద్‌కుమార్ లేచి వచ్చి ఆమె భుజం మీదుగా వంగి చదివాడు. చదివేది ఒకే వరుస. అయినా చాలాసేపు చదివాడు. అతనికి అర్థమైందని మెడ ఎర్రబడడంలోనే తెలిసింది.

"పాత వెర్షన్ ఉండాదని వీళ్ళు మాకు చెప్పలేదు" అన్నాడు చివరికి.

"ఇది పెట్టి పోయింది మీవాళ్ళే కదా, తంబీ" అన్నాడు గోవిందరాజన్.

జెబమలర్ ఆ వరుస మార్చింది. లాక్ అన్న పేరును నమ్మకుండా, ముందు ఒక లాక్ తయారుచేయించి, దాని రకం ఏదో దాన్నే అడిగి, ఆ రకంతో పోల్చమంది. అలా అయితే పాతదానిలోనూ కొత్తదానిలోనూ కుదురుతుంది. ఆనంద్‌కుమార్ వెనకే నిలబడి ఉన్నాడు. "ప్రతిసారీ తయారు చేయించొద్దు. పైన ఒక్కసారి చేసి పేరు పెట్టుకో" అన్నాడు, అలవాటు చొప్పున. ఆమె అలాగే చేసింది. ఏ థ్రెడ్ చచ్చినా తెర మొత్తం ఎర్రబడేలా ఇంకో నాలుగు వరుసలు చేర్చింది.

తర్వాత రిపోర్టు రాసింది. తప్పు ఏ వరుసలో ఉందో, ఎందుకు ఇక్కడ మాత్రమే బయటపడిందో రాసింది. మంట రేగినప్పుడు తెర పచ్చగానే ఉండి ఉంటుందని రాసింది. చివరి పేరా దగ్గర చాలాసేపు ఆగి, ఈ తప్పు మూడు వారాల కిందటే నాకు కనబడింది, ఆనంద్‌కుమార్ గారు మూయమన్నారు, టికెట్ మూసింది నేను అని రాసింది.

ఆనంద్‌కుమార్ అది చదివి, "నీ పేరు నువ్వే రాసుకుంటుండావు. తెలిసే చేస్తుండావా?" అన్నాడు. ఇప్పుడిక తెలుగులోనే మాట్లాడాడు.

"తెలిసే, సార్. మీరూ సంతకం పెట్టండి."

అతను పెట్టలేదు. ఆమె ఒక్క సంతకంతోనే రిపోర్టు పొన్నుస్వామికి పోయింది.

గోవిందరాజన్ ఒక ప్రతి చేతిలో పట్టుకుని కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "సరే, మీ ప్రోగ్రాం తప్పు. ఆ మనిషి నిద్రపోలేదని దీంట్లో యాడ ఉండాది? నిద్రపోయినానని తానే సంతకం పెట్టి ఇచ్చింది" అన్నాడు.



*

బుధవారం పొద్దున ఫోన్‌కు పొన్నుస్వామి నుంచి సందేశం వచ్చి ఉంది. రిపోర్టు చూశాను, డెవలప్‌మెంట్ సంగతి ఈ ఏడాదికి మరిచిపో అని రెండే వాక్యాలు. జెబమలర్ రెండుసార్లు చదివి ఫోన్ సంచిలో వేసుకుంది. కోపం వచ్చినట్టే ఉంది, కానీ నిన్నటంత బలం దానికి లేదు. ఆనంద్‌కుమార్ గెస్ట్‌హౌస్‌లో కనబడలేదు. ఆమె మిల్లు వెనక సందులోకి నడిచింది.

ఆరాయి ఇల్లు ఒక్క గది. వాకిట్లో కుక్కిమంచం మీద కూర్చుని ఉంది. నలభై ఏళ్ళుంటాయి. కట్టు కట్టిన కుడిచెయ్యిని దిండు మీద పెట్టుకుని, ఎడమచేత్తో చిక్కుడుకాయలు తుంచుతోంది. కాయ ఒక కొనను మోకాలి కింద అదిమి పట్టి, రెండో కొన లాగుతోంది. జెబమలర్ తమిళంలో తానెవరో చెప్పింది. ఆరాయి ముఖం బిగుసుకుంది. లోపలికి తిరిగి, నీళ్ళు తెమ్మని కూతురితో అంది. అది తెలుగులో అంది.

జెబమలర్ మంచం అంచున కూర్చుంది. "అక్కా, మీరూ మనమాటేనా?"

ఆరాయి ఆశ్చర్యపోలేదు. "ఇంట్లో. మిల్లులో మాట్లాడము. పెద్దయ్య ఆ మాటలో ఏమేమి చెప్తాడో అన్నీ వింటా ఉంటాము. మేమూ మాట్లాడితే మాకి తెలుస్తాదని తెలిసిపోతాది కదా."

"శనివారం..."

"నిద్రపోలేదమ్మా." ఆమె గొంతులో కోపం లేదు, చెప్పి చెప్పి అరిగిన మాటలా ఉంది. "తెర పచ్చగా ఉండె. నేను చూస్తినే. కాలిన వాసన వచ్చి చూస్తే కింద ఎర్రగా ఉండాది, తెర మాత్రం పచ్చగా ఉండాది. దేన్ని నమ్మాలని ఒక నిమిషం నిలబడిపోతిని. ఆ ఒక్క నిమిషమే నేను చేసిన తప్పు."

"మీ తప్పు కాదక్కా. ఆ తెర మూడు వారాలుగా అబద్ధం చెప్తా ఉండాది." జెబమలర్ నీళ్ళగ్లాసు అందుకుని తాగకుండా పట్టుకుంది. "అది నాకి ముందే తెలుసు. ఫిర్యాదు రాసినాను. మూయమంటే నేనే మూస్తిని."

చిక్కుడుకాయ తుంచబోతున్న ఆరాయి చెయ్యి ఆగింది. కూతురు గుమ్మంలో నిలబడి ఇద్దరినీ చూస్తోంది.

"యాల మూస్తివి?"

సార్ బెదిరించాడని చెప్పవచ్చు. పాత కంప్యూటర్ పారేశారని చెప్పవచ్చు. రెండూ నిజాలే.

"భయపడి" అంది జెబమలర్. "మంచి పని దొరికేది పోతాదని."

లేచి పొమ్మంటుందేమోనని జెబమలర్ ఎదురుచూసింది. అంటే వెళ్ళిపోవడానికి సిద్ధంగానే ఉంది. ఆరాయి తుంచని కాయను గిన్నెలో పడేసి, ఎడమచెయ్యి చీరకు తుడుచుకుంది.

"నేనూ అట్లనే పెట్టితిని సంతకం. ఆసుపత్రికే తెచ్చినారు కాగితం. పెట్టితే పనిలో ఉంచుకుంటామని చెప్పినారు. ఈ చెయ్యి మందులో ఉండె. ఎడమచేత్తో గీస్తిని. దాంట్లో ఏమి రాసినారో కూడా చదవలేదు." కట్టు వైపు చూసుకుంది. "పెట్టినాక పనికి రావొద్దనే చెప్పినారు."

"ఆ కాగితం వాపసు అడుగుతామా?"

"ఇస్తారా?"

"తెలియదక్కా."

ఆరాయి మంచం దిగింది. ఒంటిచేత్తో కొంగు సర్దుకోవడం కుదరక తంటాలు పడుతుంటే జెబమలర్ పిన్ను పెట్టింది. కట్టుకు తగలకుండా భుజం మీద మడత నిలిపేసరికి రెండుసార్లు ఊడింది.

గోవిందరాజన్ గదిలో ఆనంద్‌కుమార్ ముందే కూర్చుని ఉన్నాడు. చొక్కా నలిగి ఉంది, గడ్డం గీసుకోలేదు. ఆరాయిని చూసి గోవిందరాజన్ తమిళంలో, "నిన్ను ఎవరు రమ్మన్నారు?" అన్నాడు.

"నేనే వస్తినయ్యా" అంది ఆరాయి. ఆమె తెలుగులో అంది. ఆ మిల్లులో పనిచేసిన పద్దెనిమిదేళ్ళలో ఆ గదిలో ఆమె నోట వచ్చిన మొదటి తెలుగు మాట అది. "నేను నిద్రపోలేదు. ఆ కాగితం నాకి ఇచ్చేయండి."

గోవిందరాజన్ ఒకసారి ఆమెను, ఒకసారి జెబమలర్‌ను చూసి, చివరికి ఆనంద్‌కుమార్ వైపు తిరిగాడు. ఇన్నేళ్ళుగా ఇదే గదిలో తెలుగులో తాను ఏమేమి అన్నాడో గుర్తు తెచ్చుకుంటున్నట్టు ఆయన నుదురు ముడుచుకుంది.

"ఏమి తంబీ ఇది?"

ఆనంద్‌కుమార్ ఎవరి ముఖమూ చూడలేదు. బల్ల మీద గాజు కింద ఉన్న పాత క్యాలెండర్‌ను చూస్తూ అన్నాడు.

"ఇచ్చేయండి, మామా. ఆ రిపోర్టులో పొద్దున నేనూ సంతకం పెట్టి పంపించేసినాను. తెర పచ్చగానే ఉండె అని దాంట్లో ఉండాది. ఇన్‌స్పెక్టర్ అడిగితే నేనూ అదే చెప్పాలి."

జెబమలర్ అతని వైపు చూసింది. అతను తిరిగి చూడలేదు. గోవిందరాజన్ సొరుగు లాగి, ఫైలు తీసి, అందులోంచి ఒక కాగితం బయటికి తీశాడు. విసిరేయబోయి, మనసు మార్చుకుని చేతికే ఇచ్చాడు.

"తీసుకొని పో. చెయ్యి బాగైనాక పనికి రా."

ఆరాయి ఎడమచేత్తో అందుకుంది. కాగితం అడుగున వంకరటింకరగా పాకిన గీతలు ఉన్నాయి. అవి అక్షరాలని చెప్తే తప్ప తెలియవు. ఆమె ఆ సంతకాన్ని చూడలేదు. కాగితాన్ని పైకి తీసుకుని మొదటి వరుస దగ్గర పట్టుకుంది.

"పొమ్మంటిని కదా" అన్నాడు గోవిందరాజన్.

"చదివినాక పోతానయ్యా" అంది ఆరాయి.

కిటికీ వెలుతురు పడే వైపుకు కొంచెం జరిగి, పెదవులు కదుపుతూ, తమిళంలో తన గురించి వాళ్ళు రాసిందంతా ఒక్కొక్క మాటే చదవసాగింది.